పొగ లేని బొగ్గులు

మొన్న ఆదివారం మా అల్లుడి మీద గొంతు చించుకుని అరిచాను. మా వైపు అల్లుళ్ల మీద అరిచే అత్తగార్లకి కొదవేం లేదు గానీ, నేను ఆ బాపతు కాదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. నరసరావుపేటలో వాళ్లింటి వెనక పెరట్లో కోడిమాంసం కాల్చుకు తిందామని పిల్లలు ముచ్చటపడ్డారు. అల్లుడు కాళ్లున్న ఇనప పొయ్యి ఒకటి ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించాడు. దాంతోపాటే అట్టపెట్టెలో బొగ్గులు కూడా వచ్చాయి. సబ్బుబిళ్లల్లాగా అన్నీ ఒక్క కొలతే. నేను రెండు తీసుకుని ఒకదాంతో ఒకటి కొట్టి చూస్తుంటే, "ఏంది అమ్మమ్మా, తాళం వేస్తన్నావా?" అని మనవరాలు పకపకా నవ్వింది.

అంతవరకూ బాగానే గడిచింది. నిప్పు రాజుకుని ముక్కలు సగం కాలేసరికి వాన అందుకుంది. అల్లుడూ, అతని స్నేహితుడూ కలిసి ఆ పొయ్యిని అలాగే ఎత్తి కారు షెడ్డులో పెట్టారు. పిల్లలంతా దాని చుట్టూ చేరారు. జల్లు లోపలికి కొడుతోందని అల్లుడు షట్టరు కిందికి లాగబోయాడు. "దించమాకు!" అని కేకేశాను. "ఏం కాదత్తయ్యా, చూడండి, అసలు పొగే లేదు," అన్నాడు అతను నవ్వుతూ. ఆ ముక్క విన్నాక ఇంక ఆగలేకపోయాను. పిల్లల్ని రెక్క పుచ్చుకుని వానలోకి ఈడ్చాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. అల్లుడి మొహం చిన్నబోయింది.

వాన వెలిశాక మనవరాలు నా పక్కన చేరి, "ఎందుకంత కోపం వచ్చింది?" అని అడిగింది. దానికి సగమే చెప్పాను. మిగతా సగం చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు గురజాల పక్కన. ఊళ్లో మా నాయనమ్మకి రెండు విషయాల్లో పేరు, ఒకటి నోరు, రెండోది బొగ్గులు. నోటి సంగతి తర్వాత ఎలాగూ వస్తుంది. బొగ్గుల సంగతి ఏమిటంటే, కాలవగట్ల మీద తుమ్మచెట్లు కొట్టి, బట్టీ పెట్టి బొగ్గు కాల్చేవాళ్లు ఎండాకాలం చివర్లో బండ్ల మీద ఊళ్లోకి వచ్చేవాళ్లు. డబ్బుకి బదులు వరిగలో, జొన్నలో కొలిచి పోసి బస్తా దించుకునేవాళ్లం. మిగతా ఇళ్లవాళ్లు బస్తా చూసి దించుకుంటే, మా నాయనమ్మ మాత్రం చీరకొంగు బిగించి బండెక్కి కూచునేది. ఒక్కో బస్తాలో మోచేతి దాకా చెయ్యిపెట్టి అడుగునుంచి తీసేది. పైన మంచివి పేర్చి కింద తవుడు నింపుతారని ఆవిడకి గట్టి అనుమానం. బొగ్గుల తవుడంటే బొగ్గు పొడి.

రెండు బొగ్గులు తీసి కొడితే ఖంగుమనాలి. దబ్బుమంటే లోపల కట్టె కట్టెలాగే ఉందన్నమాట. విరిస్తే విరిగిన చోట నల్లగా నిగనిగలాడాలి. గోధుమరంగు కనబడితే అది అరకాలింది. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉండాలి, చేతికి మసి పెద్దగా అంటకూడదు. వేప బొగ్గు వద్దు, మాంసం చేదెక్కుతుంది. చింత బొగ్గు మంచిదే గానీ చిటపటమని నిప్పురవ్వలు కొడుతుంది, పిల్లలు తిరిగే ఇంట్లో పనికిరాదు. తుమ్మే కావాలి. అందులోనూ లావు కొమ్మ బొగ్గు కావాలి. "నా కుంపట్లో పొగ లేస్తే నన్ను పేరు పెట్టి పిలువు," అనేది బండివాడితో. వాడు తల పట్టుకునేవాడు.

ఆ బొగ్గులు రెండు పనులకి వాడేవాళ్లం. ఒకటి ఇస్త్రీ పెట్టెకి, నాన్న గుంటూరు మిర్చి యార్డుకి పోయేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. రెండోది కుంపటికి. కమ్మరి చేత చేయించిన పెద్ద ఇనప కుంపటి, దానికి రెండు చెవులు. ఆదివారం మేకను కోసిన రోజున ఇంటికి కార్జం వచ్చేది. దొడ్లో రాతిబండ పక్కన కుంపటి పెట్టి, ఉప్పూ, వెల్లుల్లీ, మా చేలో పండిన ఎర్రకారమూ దంచి పట్టించిన కార్జం ముక్కల్ని ఇనప చువ్వలకి గుచ్చి కాల్చేది నాయనమ్మ.

కాల్చడంలో ఆవిడకి తొందర ఉండేది కాదు. తాటాకు ముక్క వెలిగించి బొగ్గుల అడుగున దోపేది. కిరసనాయిలు చుక్క పడనిచ్చేది కాదు. "దీపం బుడ్డి నాకినట్టుంటది," అనేది. మంట లేస్తున్నంతసేపూ చువ్వ పెట్టేది కాదు. మంటలు చచ్చి, ఎర్రటి నిప్పు మీద తెల్లటి బూడిద పొర పల్చగా కమ్ముకున్నాక, అరచెయ్యి పైన పెట్టి చూసి, అప్పుడు చువ్వ పెట్టేది. కార్జంలోంచి నీరు చుక్కలుగా నిప్పుల మీద పడి చుయ్యిమనేది. ఆ వాసనకి ఊళ్లో కుక్కలన్నీ మా దొడ్డి గోడ దగ్గరే ఉండేవి. పిల్లలం మేం అంతకంటే దగ్గరగా ఉండేవాళ్లం. బొగ్గుముక్కలు దొంగిలించి ఒకళ్లకొకళ్లం మీసాలు దిద్దుకుని, చువ్వ చివర మాడిన ముక్క కోసం కొట్టుకునేవాళ్లం. నాయనమ్మ చేతిలో మాడిన ముక్క దొరకడం కష్టం. ఆవిడ ఏనాడూ కార్జాన్ని మాడనివ్వలేదు.

నేను చిన్నపిల్లగా ఉన్న ఒక ఏడు ఎండాకాలంలో నాన్న మా పాత పెంకుటింటికి ఆనుకుని ఒక కొత్త గది కట్టించాడు. రాతిగోడలు, పైన నాపరాళ్ల కప్పు. రాయికీ రాయికీ మధ్య సందుల్లో పిడుగురాళ్ల సున్నం మెత్తి, నున్నగా తాపీ చేయించాడు. మేస్త్రీ దిగిపోయే రోజున, "గాలి కూడా దూరదయ్యా ఈ గదిలోకి, చూసుకో," అని గోడ చరిచి చెప్పాడు. నాన్న ఆ మాటని ఊరంతా చెప్పుకున్నాడు. పాత ఇంట్లో పెంకుల సందుల్లోంచి నక్షత్రాలు కనబడేవి. వాన పడితే అయిదారు చోట్ల గిన్నెలు పెట్టేవాళ్లం. అందుకని ఆ గదంటే అందరికీ గొప్ప.

ఆ గదిలో మొదట దిగింది మా మేనత్త. నాన్నకి అక్క ఆవిడ. అంతకు ముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఒక బిడ్డ కళ్లు తెరవనే లేదు, రెండో బిడ్డ పురిటి స్నానం దాకా కూడా ఉండలేదు. మూడో కాన్పుకి పుట్టింటికి తెచ్చుకున్నారు. శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. పిల్లి పిల్లంత ఉంది. ఏడిస్తే పక్క గదిలోకి వినబడేది కాదు. నాయనమ్మ పగలూ రాత్రీ ఆ గది గుమ్మంలోనే కూచుంది. ఈసారి ఈ బిడ్డ పోతే తన కూతురు కూడా మిగలదని ఆవిడకి తెలుసు. ఆ మాట నా ముందే అమ్మతో అంది.

బాలింతకి గాలి తగలకూడదు. అది మా ఇంట్లో చట్టం. తలకి గుడ్డ, చెవుల్లో దూది, కిటికీ సందుల్లో పాత చీరపేలికలు, తలుపు కింద గోనెపట్టా. పొద్దునా సాయంత్రం కుంపట్లో గుప్పెడు నిప్పులేసి గదిలో పెట్టి, బాలింతకీ బిడ్డకీ కాపడం పెట్టి, సాంబ్రాణి వేసేవాళ్లు. తరతరాలుగా పాత ఇంట్లో జరిగిందే ఇది. మేమంతా అలా పెరిగినవాళ్లమే. నాయనమ్మ ఏరి పెట్టిన బొగ్గులైతే పొగ ఉండదని, చంటిపిల్లకి కళ్లు మండవని ఊళ్లో పురుళ్లన్నిటికీ మా ఇంటినుంచే బొగ్గులు పట్టుకుపోయేవాళ్లు.

కొత్త గదిలోకి వచ్చాక మాత్రం ఏదో తేడా వచ్చింది. సాంబ్రాణి వేసి వచ్చినప్పుడల్లా అమ్మ కణతలు నొక్కుకునేది. ఒకరోజు ధైర్యం చేసి, "అత్తా, ఆ గదిలో కాసేపు కూచుంటే నాకు తల పగిలిపోతంది. కిటికీ ఒక రెక్క తీద్దామా?" అని అడిగింది. మా అమ్మ అత్తగారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడటమే తక్కువ. నాయనమ్మ ఇంతెత్తున లేచింది.

"పని ఉందంటే చాలు నీకు తలనొప్పి వచ్చుద్ది. పచ్చి బాలింత ఉన్న గదికి కిటికీ తీసేదేందే? నా బిడ్డకి సన్నిజ్వరం కమ్మాలనా?"

"వదినక్కూడా వాంతి వచ్చినట్టుందంట అత్తా..."

"బాలింతకి తల తిరక్క నీకు తిరుగుద్దా? పొగ ఉందా చెప్పు. ఒక్క పీలిక పొగ చూపించు నాకు."

పొగ నిజంగానే లేదు. అమ్మ వంటింట్లోకి పోయింది.

రెండు రోజులుగా ముసురు పట్టి ఉన్న ఒక మధ్యాహ్నం. వాగు పొంగిందని, నాన్న అవతలి ఒడ్డునే ఆగిపోయాడని కబురొచ్చింది. బాలింతకి రక్తం పడుతుందని ఎవరో మేక కార్జం పంపించారు. కాస్త తెరిపిచ్చింది కదా అని నాయనమ్మ దొడ్లో కుంపటి వెలిగించింది. కార్జం బాగా కాలాలని ఆవేళ కుంపటి అంచుల దాకా బొగ్గులు పోసింది. నిప్పు కణకణలాడి, బూడిద పొర కమ్మి, రెండు చువ్వలు పెట్టిందో లేదో, మళ్లీ వాన దబదబా దిగింది.

"లోపల పెట్టండి, లోపల," అంది నాయనమ్మ. "కార్జమూ కాలుద్ది, బాలింతకి కాక కూడా తగులుద్ది."

ఆవిడా, అమ్మా చెరో చెవీ పట్టుకుని కుంపటిని కొత్త గదిలోకి తెచ్చారు. అమ్మ ఏదో అనబోయింది. నాయనమ్మ చూసిన చూపుకి ఆగిపోయింది. నన్ను కుంపటి ముందు కూచోబెట్టి, "చువ్వ తిప్పుతా ఉండు. మాడనిచ్చావంటే నీ వీపు మీద కాలుస్తా. తలుపు మాత్రం తీయమాక," అని, తలుపు మూసి, కింద గోనెపట్టా దోపి వెళ్లిపోయింది. గొడ్లచావిట్లోకి నీళ్లొచ్చాయని గోల వినబడుతోంది. అమ్మ వంటింట్లోకి పోయింది.

మొదట్లో నాకెంతో సంతోషంగా ఉంది. బయట వాన, లోపల వెచ్చగా నిప్పు, చేతిలో చువ్వ. మేనత్త గోడకి ఆనుకుని కూచుని, పిల్లని ఒళ్లో పెట్టుకుని నాతో కబుర్లు చెబుతోంది. కాలిన ముక్క ఒకటి ఊదుకుంటూ తింది. నాక్కూడా ఒకటి పెట్టింది. "ఎవరికీ చెప్పమాకు, బాలింత కూడు పిల్లలు తినకూడదంట," అని నవ్వింది. కాసేపటికి, "తల దిమ్ముగా ఉందే. ఒక కునుకు తీస్తా," అని పిల్లని పక్కలో వేసుకుని పడుకుంది.

నేను చువ్వ తిప్పుతూనే ఉన్నాను. చెవుల్లో నా గుండె చప్పుడు నాకే వినబడటం మొదలైంది. అంతసేపూ నోరూరించిన కార్జం వాసన ఉన్నట్టుండి వికారం పుట్టించింది. మాడుతోందని తెలుస్తోంది. తిప్పాలని తెలుస్తోంది. చెయ్యి మాత్రం లేవడం లేదు. అప్పటిదాకా సన్నగా మూలుగుతున్న పిల్ల ఊరుకుంది. నిద్రపోయింది కాబోలు అనుకున్నాను.

"అత్తా," అని పిలిచాను. మేనత్త పలకలేదు. మొహం చూస్తే ఎర్రగా, ఎన్నడూ లేనంత కళగా ఉంది. మళ్లీ పిలిచాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, పెదవి కదల్లేదు. నాకు అప్పుడు భయం వేసింది. అటువంటి భయం మళ్లీ నా జన్మలో ఎరగను. లేచి నిలబడబోయాను, మోకాళ్లు మడతపడ్డాయి. తలుపు తీయకూడదన్న మాట ఒకపక్క, తలుపు దాకా పోవాలన్న ఆత్రం ఇంకోపక్క. పాకుతూ గుమ్మం దాకా వెళ్లాను. గోనెపట్టా పట్టుకున్నాను. లాగే బలం లేదు. చెంప నేలకి ఆనించి అక్కడే పడిపోయాను. అరిచాననే అనుకున్నాను గానీ, నా గొంతు ఎవరికీ వినబడలేదట.

మమ్మల్ని బతికించింది మాడిన కార్జం. తలుపు కింద ఏ సందునుంచో ఆ కమురు కంపు వంటింట్లోకి వెళ్లింది. నాయనమ్మ వచ్చేలోగా నా వీపు కాపాడాలని అమ్మ పరుగున వచ్చి తలుపు తోసింది. తలుపు నా భుజానికి తగిలి ఆగింది. అమ్మ ఇంకా గట్టిగా తోసి, లోపలికి తొంగి చూసింది. తర్వాత నన్ను దాటుకుని వెళ్లి పిల్లని ఎత్తుకుంది. పిల్ల తల అమ్మ చేతిలో వెనక్కి వాలిపోయింది.

పిల్లని పట్టుకుని అమ్మ పంచలోకి పరిగెత్తింది. అక్కడ నులకమంచం మీద పడుకోబెట్టి మళ్లీ వచ్చి, మేనత్తని బొంతతో సహా ఈడ్చింది. నన్ను కాలితోనే బయటికి నెట్టింది. పంచలోకి జల్లు కొడుతోంది. మేనత్త తలగుడ్డ ఊడిపోయింది. సరిగ్గా అప్పుడే నాయనమ్మ చావిట్లోంచి తడిసి ముద్దై వచ్చింది. వానజల్లులో పడి ఉన్న కూతుర్ని చూసింది.

"ఓసినీ... బాలింతని గాల్లో పడేశావేందే! చంపేత్తావా నా బిడ్డని?" అంటూ బొంత అంచు పట్టుకుని మళ్లీ గదిలోకి లాగడం మొదలుపెట్టింది.

అమ్మ ఒక్క ఉదుటున వెళ్లి గది గుమ్మంలో రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. "నన్ను దాటి తీసుకుపోండి చూద్దాం," అంది. ఆ గొంతు మా అమ్మదేనా అని నేను పడుకునే తల తిప్పి చూశాను. నాయనమ్మ చెయ్యెత్తింది. అమ్మ కళ్లు మూసుకోలేదు. "కొట్టండత్తా. కొట్టి ముందు ఆ పిల్లని చూడండి."

నాయనమ్మ పిల్లవైపు తిరిగింది. పిల్ల నోటి దగ్గర చెవి పెట్టింది. ఆవిడ మొహంలోంచి రంగంతా దిగిపోయింది. అమ్మ గుమ్మం వదిలిపెట్టి వచ్చి, పిల్ల అరికాళ్లు రుద్దింది, వీపు నిమిరింది, మొహం మీద ఊదింది, మళ్లీ రుద్దింది. చూరునుంచి నీళ్లు కారి పిల్ల నుదుటి మీద పడ్డాయి. నాయనమ్మ అడ్డుకోలేదు. చేతులు జోడించి కోటప్పకొండ ఉన్న దిక్కుకి తిరిగి, "త్రికోటేశ్వరా, దీన్ని ఇయ్యి, నన్ను తీసుకో," అని పైకే అంది. అమ్మ మాత్రం రుద్దడం ఆపలేదు. పిల్ల పెదాలు ఒకసారి ఆడాయి. తర్వాత ఒక వెక్కు. తర్వాత సన్నటి ఏడుపు, ఎప్పటిలాగే పక్క గదిలోకి వినబడనంత సన్నంగా. అమ్మ నేల మీద కూలబడింది. ఇంకాసేపటికి మేనత్త కళ్లు తెరిచి వాంతి చేసుకుంది. నాకూ వాంతి అయింది.

గండం గడిచిందని అనుకున్నాను. అసలు గండం మర్నాడు వచ్చింది. పక్కింటి పెద్దమ్మ పొద్దున్నే వచ్చి పిల్లని చూసి, చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయని, ఇది గాలి సోకడమేనని తేల్చేసింది. "కొత్త గదికి దిష్టి తీశారా? లేదు. కోడలు వానలో పెట్టింది గదా, ఇక చెప్పేదేముంది. కుంపటి పెద్దది పెట్టి తలుపులు బిగించండి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడాల, లేకపోతే దక్కదు," అంది. పంచలో చేరిన ఆడవాళ్లంతా అవునన్నారు. మేనత్త పిల్లని గుండెకి అదుముకుని వాళ్ల మొహాలూ వీళ్ల మొహాలూ చూస్తోంది. వాగు పొంగు ఇంకా తీయలేదు. గురజాలనుంచి డాక్టరు వచ్చే దారి లేదు.

"ఆ గదిలో నిప్పు పెట్టొద్దు. కుంపటి వల్లే అయిందిది," అంది అమ్మ.

"నాలుగు తరాలుగా పెడతన్న కుంపటి నిన్న చంపటానికొచ్చిందా?" అంది పెద్దమ్మ. "ఆమె బొగ్గులకి వంక పెట్టినోళ్లు ఈ ఊళ్లో లేరు తల్లీ."

అందరూ నాయనమ్మ మాట కోసం చూశారు.  నాయనమ్మ పిల్ల అరికాలు పట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. కుంపటి పెట్టకపోతే చలికి పోతుందేమో. పెడితే నిన్నటిలాగే అవుతుందేమో.  చివరికి లేచి దొడ్లోకి పోయి, బస్తాలోంచి బొగ్గులు ఒక్కొక్కటే కొట్టి చూస్తూ ఏరి, కుంపటి నింపి వెలిగించింది. బూడిద పొర కమ్మేదాకా ఆగింది. అమ్మకి ఏడుపొచ్చింది.

"ఏడవమాక. పిల్లనీ తల్లినీ పాత ఇంట్లోనే ఉంచు," అంది నాయనమ్మ. "నేను కూచుంటా గదిలో. గాలో, బొగ్గులో తేలాల."

"మీరా? వద్దత్తా, మీ వయసుకి..."

"నా కంటే లోకువెవరు ఈ ఇంట్లో? గడియ పెట్టన్లే. పిలుస్తా ఉండు, పలుకుతా ఉంటా. పలక్కపోతే తీద్దువు గానీ."

కుంపటి లోపలికి వెళ్లింది. వెనకే నాయనమ్మ వెళ్లింది. తలుపు మూసుకుంది. గోనెపట్టా లోపలినుంచి తనే దోపుకుంది. అమ్మ తలుపుకి చెవి ఆనించి కూచుంది. నేను అమ్మ కొంగు పట్టుకుని కూచున్నాను. పంచలో ఆడవాళ్లు ఎవరూ ఇళ్లకి పోలేదు.

"అత్తా?" "ఆఁ." కాసేపాగి, "అత్తా?" "ఉన్నాలేవే." ఇంకాసేపటికి పిలిస్తే, "ఊరికే నసపెట్టమాక," అని విసుక్కుంది. ఆ విసుగు వినబడితే అమ్మకి ప్రాణం లేచొచ్చినట్టుంది. వాన తగ్గింది. చూరు నీళ్లు పడుతున్నాయి. పెద్దమ్మ, "చూశారా, ఏం లేదు. అంతా ఈ కోడలి భయం," అని లేవబోయింది.

"అత్తా, తలనొప్పిగా ఉందా?" జవాబు రావడం ఆలస్యమైంది. "లేదు," అంది. ఆ గొంతులో పొగరు లేదు. అమ్మ చెయ్యి తలుపు మీదికి పోయి ఆగింది. మాట తప్పి ముందే తీస్తే ఆవిడ ఎన్నటికీ నమ్మదు. తీయకపోతే? అమ్మ మెడ మీద చెమట పట్టడం నేను చూశాను.

"అత్తా?"

లోపలినుంచి నిద్రలో మాట్లాడినట్టు మెత్తగా వచ్చింది జవాబు. "ఏమే, నల్లగేదెకి కుడితి పెట్టారా?"

నల్లగేదె చచ్చిపోయి చాలా కాలమైంది. అమ్మ భుజంతో తలుపు గుద్దింది.

నాయనమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని కూచుని ఉంది. మొహం ఎర్రగా, నిన్న మేనత్త మొహంలాగే కళగా ఉంది. నేను చూసి ఏడ్చాను. అమ్మ చంకల కింద చేతులేసి పంచలోకి ఈడ్చింది. ఈసారి ఆడవాళ్లందరూ చెయ్యేశారు. గాలి తగిలాక చాలాసేపటికి ఆవిడ వాంతి చేసుకుని, నీళ్లడిగింది. పెద్దమ్మ, "గాలి సోకిందంటావా?" అని గొణిగింది.

నాయనమ్మ కళ్లు తెరిచి ఆవిడ వంక చూసింది. "గాలీ లేదు, ధూళీ లేదు," అంది. మాట కూడదీసుకోవడానికి ఆగింది. "నా బొగ్గులే. నేను ఏరి పెట్టిన బొగ్గులే నా బిడ్డని తినబోయినయ్." అని అంతమందిలో గట్టిగా ఏడ్చింది. మా తాత పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదని తర్వాత పెద్దవాళ్లు చెప్పుకున్నారు.

పిల్లని ఆ రోజంతా మేనత్త తన రొమ్ముకి హత్తుకుని, పాత ఇంట్లో, నక్షత్రాలు కనబడే కప్పు కింద, తన ఒంటి వెచ్చదనంతోనే కాచింది. సాయంత్రానికి అరికాళ్లు వెచ్చబడ్డాయి. ఇన్నేళ్లయ్యాక ఆలోచిస్తే, నాయనమ్మ తప్పు చేసిందని ఒక్కసారి కూడా అనిపించదు. పెంకుల సందుల్లోంచి పోయే ఆ కనబడని విషపు గాలి రాళ్ల కప్పు కింద పోదని ఆవిడకెవరు చెప్పారు? పొగే ప్రమాదమని నమ్మిన మనిషి, పొగ లేకుండా చెయ్యడానికి జీవితమంతా కష్టపడింది. కానీ పదిమంది మాట పట్టుకుని ఆ పసిదాన్ని మళ్లీ గదిలోకి పంపించడం ఆవిడకి ఎంత తేలికో నాకు తెలుసు. ఊరు తప్పుపట్టేది కాదు. పిల్ల పోయినా కోడలి వల్లే పోయిందనేవాళ్లు. ఆవిడ ఆ తేలిక దారి పట్టకుండా తన ప్రాణం పెట్టి తేల్చుకుంది. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. అంతగా ప్రేమించగలిగిన మనిషిని కూడా.

ఆ తర్వాత ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా ఆవిడ పిలవకుండానే వెళ్లేది. కిటికీల్లో పేలికలు పీకేసేది, కుంపటి బయట పెట్టించేది. తిట్టినవాళ్లని తిట్టేది. బొగ్గులకోసం వచ్చినవాళ్లకి బొగ్గులిచ్చేది, వాళ్ల వెనకే వాళ్లింటి దాకా వెళ్లి ఎక్కడ పెడతారో చూసి వచ్చేది. దొడ్లో కార్జం కాల్చడం మానలేదు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, బొగ్గుల బండ్లూ లేవు, ఆవిడా లేదు, అమ్మా లేదు.

నాయనమ్మ గదిలోంచి బయటపడిన ఆ సాయంత్రం మాత్రం నాకు నిన్నటిలా ఉంది. నాయనమ్మ పంచలో ఒక మూలన కూచుంది. పొద్దుటినుంచీ పిల్లని ఎత్తుకోలేదు. ఎత్తుకుంటానని అడగనూ లేదు. అమ్మ పాత ఇంట్లోంచి పిల్లని తెచ్చి, ఏమీ అనకుండా ఆవిడ ఒళ్లో పెట్టబోయింది. నాయనమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"నన్ను నమ్మి ఇస్తన్నావా, అమ్మాయ్?" అంది. పెళ్లై వచ్చిన నాటినుంచీ 'ఏమే' తప్ప ఇంకో పిలుపు ఎరగని కోడలు మా అమ్మ.

అమ్మ పిల్లని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టి, చుట్టిన గుడ్డ సర్ది, "తలుపులన్నీ తీసే ఉన్నయ్ గదత్తా," అని పొయ్యి మీద ఎసరు చూసుకోవడానికి వెళ్లిపోయింది.